నిమ్మ లిక్యూర్‌లో చేదు: తప్పు సీసాలో కాదు, తొక్క ఒలవడంలో

మీరు రాసినదాన్ని ముందు కుదించి చెప్పుకుందాం. నిమ్మ లిక్యూర్, అంటే నిమ్మ వాసన దించి తీపి కలిపిన మద్యం, చేద్దామని 40 శాతం ఆల్కహాల్ ఉన్న వోడ్కా 750 మిల్లీలీటర్లు తీసుకున్నారు. ఎనిమిది నిమ్మకాయల తొక్కలు కత్తితో ఒలిచి, అందులో వేసి రెండు నెలలు ఊరబెట్టారు. 750 మిల్లీలీటర్ల నీళ్లలో అరకిలో చక్కెర కరిగించి కలిపారు. పుల్లదనం కోసం నాలుగు కాయల రసం కూడా పిండారు. ఇప్పుడది నోట పెట్టలేనంత చేదుగా ఉంది. పైన నూనె వలయంలా తేలింది, అడుగున తుంపులు తుంపులుగా ఏదో పేరుకుంది, ఫ్రీజర్‌లో పెడితే గడ్డకట్టింది. ఇంకో నెల ఆగితే సర్దుకుంటుందా అని మీ ప్రశ్న.

సర్దుకోదు. మిగతా లోపాలకు మందు ఉంది, చేదుకు లేదు. ఈ పానీయంలో మంచీ చెడూ తొంభై పాళ్లు మొదటి అరగంటలోనే, అంటే తొక్క ఒలిచేటప్పుడే తేలిపోతాయి. ఆ తర్వాత మనం చేసేదంతా ఉన్నదాన్ని పాడుచేయకుండా చూసుకోవడమే. నేను పదిహేనేళ్లుగా ఏటా నాలుగైదు జాడీలు పెడుతున్నాను. మొదటి రెండేళ్లవి మొత్తం పారబోశాను. రెండుసార్లూ మీరు చేసిన పనే చేశాను.

ఒక నిమ్మ తొక్క ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. పైన పసుపు పొరలో సూదితో పొడిచినట్టు సన్నని గుంటలు కనిపిస్తాయి. ఒక్కో గుంట కింద ఒక నూనె తిత్తి ఉంటుంది. నమ్మకం లేకపోతే వెలిగించిన కొవ్వొత్తి పక్కన ఆ ముక్కను, పసుపు వైపు మంటకేసి ఉండేలా, మడిచి నొక్కండి. చిమ్మిన నూనె మంటలో పడి చిటపటమంటూ రవ్వలు రేగుతాయి. మనకు కావలసింది అదొక్కటే. దానిలో ఎక్కువ భాగం లిమొనీన్ అనే పదార్థం: నారింజ నూనెలో తొంభై శాతం పైన, నిమ్మ నూనెలో సుమారు మూడింట రెండు వంతులు. నిమ్మకు నిమ్మ వాసన ఇచ్చేది మాత్రం లిమొనీన్ కాదు, కొద్ది శాతమే ఉండే సిట్రాల్. అంత కొద్దిగా ఉన్నది కాబట్టే దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. ఈ మాట మళ్లీ రసం దగ్గర వస్తుంది.

పసుపు పొర మందం ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. దాని కింద దూదిలా ఉండే తెల్ల పొరలో వాసన లేదు, చేదు మాత్రం బోలెడుంది. నిమ్మలో, నారింజలో ఆ చేదు లిమొనిన్‌ది. లిమొనీన్, లిమొనిన్ పేర్లు అక్కాచెల్లెళ్లలా వినిపించినా ఒకటి పరిమళం, మరొకటి విషమంత చేదు. గ్రేప్‌ఫ్రూట్‌లో చేదుకు పెద్ద కారణం నారింజిన్. పేరులో నారింజ ఉంది గానీ తీపి నారింజలో అది దాదాపు ఉండదు.

కత్తితో ఒలిస్తే, చెయ్యి ఎంత తిరిగినదైనా, తెల్ల పొర వస్తుంది. కూరగాయలు చెక్కే పీలర్ వాడండి, అందులోనూ కొత్తది, పదునైనది. మొద్దుబారిన పీలర్‌ను గట్టిగా నొక్కాలి, నొక్కితే లోతుకు దిగుతుంది. కాయను పైనుంచి కిందికి కాకుండా చుట్టూ తిప్పుతూ, చేతికి బరువు తెలియనంత తేలిగ్గా లాగాలి. బాగా వచ్చిన ముక్కను పుస్తకం మీద పెడితే కింది అక్షరాల నీడ కనిపించాలి. ఎక్కడైనా తెలుపు అంటుకుని వస్తే ముక్కను బల్ల మీద బోర్లా పరిచి, చిన్న కత్తిని పడుకోబెట్టి గీకేయండి. ఎనిమిది కాయలకు నాకు నలభై నిమిషాలు పడుతుంది. విసుగు పుట్టించే పనే, కాదనను. మహా చేస్తే 70, 80 గ్రాముల తొక్క వస్తుంది. మీకు అంతకు రెట్టింపు వచ్చి ఉంటే ఆ రెండో సగమంతా చేదే.

సన్నటి తురుముపీటతో తురిమితే తొందరగా అవుతుంది, నూనె కూడా ఒక రోజులోనే దిగిపోతుంది. కానీ వడకట్టేటప్పుడు ప్రాణం తీస్తుంది. ఆకుపచ్చని చిన్న నిమ్మకు మాత్రం తురుముపీటే గతి, దాని తొక్క పీలర్‌కు లొంగనంత పలచన.

కాయల విషయంలో రెండు మాటలు. అంగళ్లలో మెరిసే కాయలకు చాలావాటికి మైనం పూత ఉంటుంది. బూజు పట్టకుండా ఇమజాలిల్, థయాబెండజోల్ వంటి మందులు కూడా కోత తర్వాత పూస్తారు. రసం తాగేవాడికి దానితో పెద్దగా పని లేదు, మనం ఊరబెట్టేది తొక్కనే కాబట్టి మనకు ఉంది. పూత లేని కాయలు దొరికితే అవే కొనండి. దొరకకపోతే చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరనిమిషం ఉంచి, బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. అంతకన్నా ఎక్కువ వేడి పెడితే నూనె ఆవిరైపోతుంది. వంటిల్లంతా కమ్మగా వాసన వస్తోందంటే ఆ వాసన సీసాలోంచి పోతున్నట్టే. కాయ పచ్చిగా, గట్టిగా, కోసి ఎక్కువ రోజులు కానిదిగా ఉండాలి. మెత్తబడినది రసానికి పనికొస్తుంది, దీనికి పనికిరాదు.

ఇక మద్యం. ఇటలీలో లిమొన్‌చెల్లో, అంటే అక్కడి నిమ్మ లిక్యూర్, చేసేవారు 95 శాతం ఆల్కహాల్ ఉన్న స్పిరిట్ వాడతారు. కారణం సులువు. నూనె నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఆల్కహాల్ పాలు ఎంత ఎక్కువైతే నూనె అంత తొందరగా, అంత సంపూర్ణంగా దిగుతుంది. 40 శాతం వోడ్కాలో అరవై పాళ్లు నీళ్లే, అందుకే నూనె నెమ్మదిగా, తక్కువగా వస్తుంది. ఆలోగా నీళ్లలో కరిగే చేదు, పచ్చి వాసన వచ్చేస్తాయి. వోడ్కాతో చేయకూడదని కాదు. దాని పద్ధతి వేరు, ఆశ కూడా కాస్త తక్కువ పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. తాగడానికి తయారుచేసి, అలా అని ముద్రవేసి అమ్మే మద్యం తప్ప మరొకటి ముట్టుకోకండి. చేతులు శుభ్రం చేసుకునే ద్రవం, గాయాలు తుడిచే స్పిరిట్, రంగులు కలిపే స్పిరిట్, ఇవన్నీ విషం. ప్రయోగశాలల్లో వాడే నూరు శాతం ఆల్కహాల్ కూడా వద్దు. నీటిని పూర్తిగా తొలగించడానికి వాడే రసాయనాల జాడలు అందులో మిగిలి ఉండవచ్చు. కొందరు మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ భయంతో తొక్కలు ఊరబెట్టడానికే జంకుతారు. మంచి మద్యంలో తొక్క నానితే ప్రమాదకర మోతాదులో మిథనాల్ పుట్టదు. ఆ ప్రమాదం నాటు పద్ధతిలో పులియబెట్టి బట్టీ పెట్టేవారిది, మనం ఆ పని చేయడం లేదు. మీరుండే చోట మద్యం ఇంట్లో ఉంచుకోవడానికి, ఇలా చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందే తెలుసుకోండి. 95 శాతం స్పిరిట్ ఆవిరి మామూలు గది వేడికే అంటుకుంటుంది, కాబట్టి పొయ్యి ఉన్న గదిలో మూత తీయవద్దు. దాన్ని వేడి చేయాలన్న ఆలోచన అసలే వద్దు.

జాడీ గాజుదే కావాలి. లిమొనీన్ చాలా ప్లాస్టిక్‌లను, రబ్బరును తినేస్తుంది. నారింజ తొక్కను బెలూన్ మీద చిమ్మితే అది టప్పున పగిలేది అందుకే. ఒకసారి తొందరలో చవక ప్లాస్టిక్ గరాటుతో వడకట్టాను. మర్నాటికి గరాటు లోపలి అంచు వేలికి జిగురులా అంటుకుంది. ఆ సీసాలో ఉన్నది నేను తాగలేదు, ఎవరికీ పోయలేదు.

ఎన్ని రోజులు ఊరబెట్టాలి అన్నదాని మీద ఉన్నన్ని మూఢనమ్మకాలు మరి దేనిమీదా లేవు. నలభై రోజులు, ఎనభై రోజులు, పౌర్ణమి నుంచి పౌర్ణమికి. 95 శాతం స్పిరిట్‌లో పలచగా ఒలిచిన తొక్క మూడు నాలుగు రోజుల్లోనే ఇవ్వాల్సినదంతా ఇచ్చేస్తుంది. గడియారం చూడకండి, తొక్కను చూడండి. మొదటి రోజు సాయంత్రానికే స్పిరిట్ పసుపెక్కుతుంది. మూడో రోజుకు ముక్కలు వెలిసిపోయి పాలిపోతాయి. ఒకటి బయటికి తీసి వంచండి. తడి తొక్కలా వంగకుండా అప్పడంలా ఫట్‌మని విరిగితే, అందులోని నీరు, నూనె రెండూ స్పిరిట్‌లోకి పోయినట్టు లెక్క. ఇంకా వంగుతుంటే ఇంకో రోజు ఉంచండి. నేను ఎప్పుడూ వారం దాటించను. వోడ్కాలో ముక్క అలా పెళుసెక్కదు, రంగు మాత్రం వెలుస్తుంది. అక్కడ పది పన్నెండు రోజులు చాలు, మూడో రోజు నుంచి చుక్క నాలుక మీద వేసుకుని చూస్తూ ఉండాలి. నాలుక వెనక భాగంలో ఏదో పట్టినట్టు అనిపించిన రోజే తీసేయాలి. మీరు అరవై రోజులు ఉంచారు. తెల్ల పొరతో సహా.

తొక్క అసలు మద్యాన్ని తాకకుండా చేసే పద్ధతి కూడా ఒకటుంది. పండును గుడ్డలో మూటగట్టి, మూసిన జాడీలో స్పిరిట్‌కు పైన వేలాడదీస్తారు. స్పిరిట్ ఆవిరే పైకి వచ్చి పండు చుట్టూ చేరి వాసన దించుకుపోతుంది. చేదు దాదాపు రాదు, రంగూ రాదు. వారాల తరబడి పడుతుంది. వాసన సన్నగా, నాజూకుగా వస్తుంది. ఒకసారి సరదాకు చేయదగ్గది, ఏటా చేసేంత ఓపిక నాకు లేదు.

పాకం కలిపే ముందే వడకట్టాలి, ఆ తర్వాత కాదు. ముందు పలచని గుడ్డలో, తర్వాత తడిపిన కాఫీ ఫిల్టర్‌లో. గుడ్డలోని తొక్కల్ని పిండవద్దు, ఆఖరి రెండు చెంచాల కోసం పిండితే చేదూ మడ్డీ దిగుతాయి.

ఇప్పుడు లెక్క. మీ సీసా గడ్డకట్టడానికి, నూనె తేలడానికి మూలం ఇక్కడే. మద్యం పరిమాణాన్ని దాని శాతంతో గుణించి, మీకు కావలసిన శాతంతో భాగిస్తే చివరికి మొత్తం ఎంత ద్రవం ఉండాలో వస్తుంది. కరిగిన చక్కెర కూడా చోటు ఆక్రమిస్తుంది, వంద గ్రాములకు సుమారు 62 మిల్లీలీటర్లు. చాలామంది దీన్ని మర్చిపోతారు. మీ 750 మిల్లీలీటర్ల వోడ్కాలో అసలు ఆల్కహాల్ 300. దానికి 750 నీళ్లు, చక్కెర ఆక్రమించిన 310, రసం ఓ 160 కలిపితే మొత్తం దాదాపు 1970. అంటే మీ దగ్గరున్నది 15 శాతం. అది ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టక ఏమవుతుంది? అంత తక్కువ ఆల్కహాల్‌లో నూనె కూడా నిలబడలేక పైకి తేలింది.

నా కొలతలు ఇవి. 95 శాతం స్పిరిట్ అరలీటరుకు ఎనిమిది మధ్యరకం నిమ్మకాయల తొక్క, 800 మిల్లీలీటర్ల నీళ్లు, 450 గ్రాముల చక్కెర. లీటరున్నర పైచిలుకు వస్తుంది, 30 శాతం దగ్గర ఉంటుంది, ఫ్రీజర్‌లో చిక్కబడుతుంది గానీ గడ్డకట్టదు. వోడ్కాతో అయితే 750 మిల్లీలీటర్లకు 300 గ్రాముల చక్కెర, 265 మిల్లీలీటర్ల నీళ్లు మాత్రమే. ఇది 25 శాతం. నీళ్లు తక్కువగా అనిపిస్తాయి, అనిపించనివ్వండి. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం లిక్యూర్ అనిపించుకోవాలంటే సాధారణంగా లీటరుకు కనీసం 100 గ్రాముల చక్కెర, 15 శాతం ఆల్కహాల్ ఉండాలి. చక్కెర మన కొలతల్లో దానికి రెండున్నర రెట్లు దాటుతుంది. చల్లగా తాగే పానీయం కాబట్టి అంత కావాలి, చలిలో నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది. అందుకే రుచి చూసేటప్పుడు గ్లాసును అరగంట ఫ్రీజర్‌లో ఉంచి చూడండి. గది వేడిలో వెగటుగా తోచినది అక్కడ సరిగ్గా సరిపోతుంది.

పాకం అన్నాను గానీ తీగ పాకం కాదు. చక్కెర కరిగి, నీరు తేటబడగానే దించేయాలి. ఉడికిస్తే నీరు ఇగిరి లెక్క తప్పుతుంది, మరీ ముదిరితే రంగు కూడా మారుతుంది. నీళ్లలో ఉప్పదనం, సున్నం ఎక్కువుంటే వడపోత యంత్రం నీళ్లు వాడండి. పాకం పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి పాకం పోస్తే స్పిరిట్ ఆవిరై, మనం ఇంత కష్టపడి దించిన వాసనను వెంటబెట్టుకుని పోతుంది.

కలిపే క్షణం ఈ పని మొత్తంలో నాకిష్టమైనది. తేట బంగారు రంగు స్పిరిట్‌లో పాకం పడగానే పాలు విరజిమ్మినట్టు తెల్లటి తెరలు లేస్తాయి, రెండు నిమిషాల్లో మొత్తం మబ్బు కమ్ముతుంది. పాడైపోయిందని హడావుడిగా ఫిల్టర్లు వెతికేవారున్నారు. పాడవలేదు, అదే మంచి గుర్తు. ఆల్కహాల్ పలచబడగానే అందులో కరిగి ఉన్న నూనె కరగలేక, కంటికి కనబడనంత చిన్న బిందువులుగా విడిపోతుంది. అవి వెలుగును చెదరగొడతాయి. ఈ బిందువుల్ని 2018లో వెలువడిన ఒక పరిశోధనలో న్యూట్రాన్ కిరణాలతో కొలిచారు. పరిమాణం సుమారు వంద నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు. ఏ జిగురూ కలపకుండానే అవి అలా తేలుతూ నిలబడతాయి. మబ్బు పట్టకుండా తేటగా మిగిలిందంటే నూనె సరిగా దిగలేదనో, ఆల్కహాల్ ఇంకా ఎక్కువుందనో అనుకోవాలి. వోడ్కాతో చేసినది సాధారణంగా తేటగానో, కాస్త మసగ్గానో ఉంటుంది. అది తప్పు కాదు.

రసం. దయచేసి వేయకండి. అడుగున పేరుకున్న మీ తుంపులు రసంలోని పెక్టిన్ అనే జిగురు పదార్థమే, ఆల్కహాల్ తగలగానే అది విరిగి ముద్దకడుతుంది. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించదు. నేను పైన చెప్పిన సిట్రాల్‌కు ఆమ్లం శత్రువు. పుల్లటి ద్రవంలో అది కొన్ని వారాల్లోనే విరిగిపోయి, తాజా నిమ్మ వాసన స్థానంలో మందుల వాసనలాంటిది మిగులుతుంది. పుల్లగా కావాలంటే తాగే ముందు గ్లాసులో పిండుకోండి. ఒలిచిన కాయలన్నీ మిగిలిపోతాయి కదా అంటారేమో. రసం పిండి మంచు ముక్కల ట్రేలో గడ్డకట్టించుకోండి.

కలిపాక నెల రోజులు చీకట్లో పెట్టి మర్చిపోవాలి. ఓపిక చూపాల్సింది ఇక్కడ, తొక్కలు ఊరేటప్పుడు కాదు. తాజాగా కలిపినది స్పిరిట్ ఒకవైపు, తీపి ఒకవైపు, నిమ్మ ఒకవైపు లాగుతున్నట్టుంటుంది. మూడు వారాలు దాటాక ఘాటు తగ్గి ఒక్కటిగా వినిపిస్తుంది.

ఇదే పద్ధతిలో నారింజ, కమలా కూడా చేయవచ్చు. కమలా తొక్క వదులుగా ఉండి పీలర్‌కు దొరకదు, కాయ మీద ఉండగానే తురమాలి. తీపి నారింజ ఒక్కటే వేస్తే మిఠాయిలా చప్పగా వస్తుంది. వెన్నెముకలా నిలబెట్టడానికి కొంచెం చేదు నారింజ తొక్క కావాలి. ప్రసిద్ధ నారింజ లిక్యూర్లకు దారి చూపిన కురసావ్ కథ కూడా అదే. స్పెయిన్ వారు అదే పేరున్న కరీబియన్ దీవిలో నాటిన నారింజ చెట్లు అక్కడి ఎండకు, ఎండిన నేలకు తినలేనంత చేదు కాయలు కాశాయి. ఆ కాయల ఎండు తొక్కల్లోంచే ఆ లిక్యూర్ పుట్టింది. దాల్చినచెక్క, లవంగం వేస్తారు కొందరు. నా మట్టుకు నాకు అది నిమ్మకు దుప్పటి కప్పడం. మరీ కావాలంటే దాల్చినచెక్క గోరంత ముక్క, ఒక్క రోజు.

చివరగా, మీ దగ్గరున్న రెండు లీటర్లు. పారబోయవద్దు. రెండు రోజులు ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచితే తుంపులు అడుగుకు దిగుతాయి. పైన తేలిన నూనె వలయాన్ని కాగితపు రుమాలు అంచుతో తాకించి పీల్చేయండి, మెల్లగా పైతేటను వంచుకోండి. 95 శాతం స్పిరిట్ 275 మిల్లీలీటర్లు తీసుకుని, నాలుగు తాజా నిమ్మకాయల తొక్కను ఈసారి పీలర్‌తో ఒలిచి మూడు రోజులు ఊరబెట్టి, వడకట్టి కలపండి. అప్పుడది 25 శాతానికి వస్తుంది, పోయిన వాసన కూడా కొంత తిరిగి వస్తుంది. చేదు పోదు గానీ లీటరుకు రెండు చిటికెల ఉప్పు వేస్తే నాలుకకు దాని పదును తగ్గుతుంది. ఉప్పు రుచి తెలియకూడదు, తెలిసిందంటే ఎక్కువైనట్టే. అలాగే తాగితే నచ్చకపోవచ్చు. సోడాలో ఒకటికి నాలుగు పాళ్లు కలిపి, మంచు వేసుకుని చూడండి. ఆ పలచదనంలో చేదు హాయిగానే ఉంటుంది. రసం పడింది కాబట్టి దీన్ని ఫ్రిజ్‌లోనే ఉంచి రెండు మూడు నెలల్లో అయిపోగొట్టండి. రసం లేనిది చిన్న సీసాల్లో మెడదాకా నింపి చీకట్లో ఉంచితే ఏడాది వాసన నిలుస్తుంది. సగం ఖాళీ అయిన సీసాలో గాలి చేరి లిమొనీన్ చెడి టర్పెంటైన్ వాసన వేస్తుంది.